చప్పన, చప్పిడి ఒకటేనా? అసలీ ‘చప్ప’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

వంటింటి గోల

ఇంట్లో పదిరోజులుగా నడుస్తున్న గొడవ, తీర్పు మీరే చెప్పాలి. నాన్నకి బీపీ కాస్త ఎక్కువగా ఉందని డాక్టరుగారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. మా అమ్మకి తగ్గించమంటే మానెయ్యమని వినిపిస్తుంది. మర్నాటి నుంచీ పప్పు, చారు, బీరకాయ కూర అన్నీ ఉప్పు లేకుండానే. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు అలాగే కూర్చుని, “ఏమిటే, కూర ఇంత చప్పగా ఏడ్చింది” అన్నారు. అమ్మ వంటింట్లోంచే “చప్పగా లేదు, అది చప్పిడి” అంది. రెండిటికీ తేడా ఏమిటని ఆయన అడిగితే, “చప్పన అంటే నాకు వంట రాదని, చప్పిడి అంటే మీకు బీపీ ఉందని” అంది.

నవ్వేసి ఊరుకున్నాను గానీ రాత్రి పడుకున్నాక అదే బుర్రలో తిరుగుతోంది. ఈ తేడా అమ్మ అప్పటికప్పుడు కల్పించిందా, మాటలోనే ఉందా? అసలు ఈ చప్ప అనే ముక్క మనదేనా, ఎక్కడి నుంచైనా వచ్చిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ బాబాయ్

రెండూ ఒకటే తల్లీ. ఉప్పు లేదు, అంతే. దీనికి చర్చ ఎందుకు? మీ నాన్నగారికి ఓ మాగాయ ముక్క పక్కన పెట్టండి, గొడవే ఉండదు.

నర్సమ్మ కూతురు

బాబాయ్ గారూ, దయచేసి అలాంటి సలహాలివ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది, అంటే ఇంచుమించు ఒక చిన్న చెంచాడు. అందులోనే కూర, చారు, అప్పడం, పచ్చడి అన్నీ రావాలి. మన ఊరగాయ రెండు ముక్కలు వేసుకుంటే కోటాలో ఎంత పోతుందో ఆలోచించండి. ఇంకో మాట, బజార్లో సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం కలుపుతారు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా వాటి జోలికి పోకూడదు. సరే, ఇక మాట సంగతి మాట్లాడుకోండి.

పాలమూరు పిలగాడు

మా దిక్కు సప్పగ అంటరు. కూర సప్పగున్నది, మాట సప్పగున్నది, పెండ్లి సప్పగయింది. సప్పిడి అంటే మాత్రం పత్యమే, మీ అమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాకు చిన్నప్పుడు కామెర్లయితే పసరు పోయించి, 11 రోజులు సప్పిడి పెట్టిన్రు. (పసరు మీద ఇప్పుడు నాకు నమ్మకం లేదు, దాని మీద మళ్ళ కొట్లాట పెట్టకున్రి.) ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు. మెత్తటి అన్నంల పలుచటి మజ్జిగ. మూడో దినం మా తమ్ముడు మిక్చర్ తిని పడేసిన పొట్లం కాయితం దొరికితే గోడ సాటుకు పోయి నాకిన. ఆ కాయితానికి అంటుకున్న ఉప్పు రుచి ఇంకా యాదికున్నది. ఆ 11 రోజుల్ల ఒక్కసారి గూడ మా అవ్వతోని అన్నం సప్పగున్నదని అనలేదు. ఎందుకంటే అది సప్పగుండాలెనని పెట్టిందే గద.

పదాలపిచ్చి

పాలమూరు తమ్ముడు చివర్లో అన్న మాటే అసలు సంగతి. వాడుకలో చూడండి. కూర చప్పగా ఉంది అంటే ఫిర్యాదు. చప్పిడి కూర అంటే ఒక రకం, పేరు. “ఇవాళ కూర చప్పిడిగా కుదిరింది” అని ఎవరూ అనరు. “డాక్టరు చప్పన తినమన్నాడు” అనీ అనరు. చప్పన పొరపాటున వస్తుంది, చప్పిడి కావాలని చేస్తారు. మీ అమ్మగారు కల్పించలేదు, భాషలో ఉన్నదే చెప్పారు.

పుట్టుక గురించి. 1852లో వచ్చిన బ్రౌను నిఘంటువులోనే చప్పన, చప్పిడి రెండూ ఉన్నాయి. ఇది సంస్కృతం కాదు, ఉర్దూ కాదు, అచ్చంగా ద్రావిడ మాట. కన్నడంలో సప్పె, తుళులో చప్పె, తమిళంలో చప్పై, అన్నిటికీ రుచి లేనిదనే అర్థం ఉంది. బరో, ఎమెనో కలిసి 1961లో వేసిన ద్రావిడ పదాల నిఘంటువు ఈ మాటలన్నిటినీ పక్కపక్కన పెడుతుంది. ఇన్ని అక్కచెల్లెళ్ళు ఉన్న మాట ఒక్క ఊళ్ళో నిన్న మొన్న పుట్టిందై ఉండదు.

హిందూపురం వాడు

కన్నడం మాట వచ్చింది కాబట్టి నేనూ దూరతాను. మా ఇంట్లో సగం కన్నడం. సప్పె అంటే కూరే కాదు, ముఖం కూడా. ఎవరైనా దిగాలుగా కూర్చుంటే ‘సప్పె మోరె’ వేసుకున్నాడంటారు. పాలమూరాయన సప్పగ అన్నది చూసి మా కన్నడం లాగే ఉందే అనుకున్నా. కన్నడంలో చాలాచోట్ల మన చ వాళ్ళకి స అవుతుంది, మన చావు వాళ్ళకి సావు, మన చేరు వాళ్ళకి సేరు. తెలంగాణలోనూ మా సీమలోనూ నోటిమాటగా అదే జరుగుతుంది. చిత్రమేమంటే మంగళూరు వైపు తుళు వాళ్ళు ఇప్పటికీ చప్పె అనే అంటారు.

ఇంకోటి. మా వైపు రాగిసంగటిలో ఉప్పు వెయ్యరు. ముద్ద చేత్తో తీసి చెనక్కాయల ఊరిబిండిలోనో పప్పులోనో అద్దుకుని తింటాం. పుట్టి ఇన్నేండ్లయినా సంగటి చప్పగా ఉందని అన్నవాణ్ణి నేను చూడలేదు. అన్నం కూడా అంతే కదా? అన్నంలో ఉప్పు వేస్తారా ఎవరైనా? అయినా అన్నం చప్పగా ఉందని అనరు. అదే ఇడ్లీ పిండిలో ఉప్పు మరిచిపోతే మాత్రం మొదటి ముక్కకే తెలిసిపోతుంది. కాబట్టి ఉప్పు లేకపోవడం కాదు చప్పదనం, ఉండాల్సిన చోట లేకపోవడం.

బెజవాడ బాబాయ్

హిందూపురం అబ్బాయ్, నీ మాట బాగుంది. నేను నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా, మాగాయ మాట తప్ప.

చెన్నపట్నం తెలుగు

తమిళంలో ఇది ఇప్పటికీ నాలిక మీదే ఉంది. సాంబారు బాగోలేకపోతే ‘సప్పున్ను ఇరుక్కు’ అంటారు. పనికిమాలిన చిన్న విషయాన్ని ‘సప్పై మేటర్’ అంటారు. కానీ నాకు మొదట్నుంచీ అర్థం కానిది వేరే ఉంది. సప్పై మూక్కు అంటే అణిగిపోయిన ముక్కు. తెలుగులోనూ చప్పిడి ముక్కు అంటాం కదా! ముక్కుకి ఉప్పు లేకపోవడం ఏమిటి? రెండూ ఒకే మాటా, లేక కలవని కవలలా?

గోదారి గట్టు

అమ్మయ్యా, నా చిన్నప్పటి పేరు బయటికొచ్చింది. చప్పిడి ముక్కోడా అనే పిలిచేవాళ్ళు బళ్ళో.

నా ఊహ చెప్తాను, కొట్టకండి. చెరుకు ముక్క నమిలి రసం మింగేశాక నోట్లో మిగిలేది ఎలా ఉంటుంది? రుచి లేదు, పైగా అణిగిపోయి ఉంటుంది. చప్పరించడం అనే మాట ఉండనే ఉంది, తమిళంలో కూడా చప్పు అంటే చీకడమే. చీకేసినదే చప్ప. ఆ పిప్పి చప్పనా అవుతుంది, చప్పిడీ అవుతుంది. పళ్ళూడిన ముసలాయన బుగ్గలు చూడండి, చప్పిడి బుగ్గలంటాం. లోపలున్నది పోతే పైది అణిగిపోతుంది. రెండు అర్థాలూ ఒక్క చెరుకు ముక్కలోనే కలిశాయి.

పదాలపిచ్చి

చెరుకు ముక్క పోలిక చాలా బాగుంది, కానీ బాగున్నంత మాత్రాన నిజమైపోదు. అణిగినదానికి ఇంకో దారి కూడా ఉంది. సంస్కృతంలో చర్పట అంటే చదునుగా ఉన్నది. హిందీ చప్టా అక్కణ్ణుంచే వచ్చింది, మనం తినే చపాతీ కూడా. కాబట్టి ముక్కు ఉత్తరాది నుంచి వచ్చి, కూర ఇక్కడే పుట్టి, రెండూ ఒకేలా వినిపించేసరికి ఒకే గూటికి చేరి ఉండొచ్చు. భాషలో ఇలాంటివి బోలెడు. ఒకే ఇంటిపేరున్న వాళ్ళంతా చుట్టాలు కానక్కర్లేదు.

చప్పరించు సంగతి మాత్రం నేనూ ఒప్పుకుంటాను, అది నాలిక అంగిలికి తగిలినప్పుడు వచ్చే చప్పుడే.

గోదారి గట్టు

అంటే నా ముక్కు ఉత్తరాదిది అంటారు. సరే, ఇంట్లో చెప్తాను.

పాలమూరు పిలగాడు

గోదారన్నా, చపాతి ముక్కు 😂

డల్లాస్ అత్త

ఇక్కడి విషయం ఒకటి చెప్తాను. మా ఇంట్లో నీళ్ళ ఫిల్టరు మార్చాం, ఆర్వోది పెట్టాం. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు ఒక గుక్క తాగి, “నీళ్ళేమిటమ్మా చప్పగా ఉన్నాయి” అన్నారు. నేను నవ్వాను, నీళ్ళకి రుచేమిటి అని. కానీ ఆవిడ చెప్పింది సరిగ్గా అదే. ఆర్వో నీళ్ళలో కరిగి ఉన్న లవణాలన్నీ దాదాపుగా తీసేస్తుంది. జన్మంతా బావి నీళ్ళు తాగిన నాలికకి ఆ లోటు తెలిసిపోయింది. మనం ఉప్పగా ఉందనుకోం, కానీ అది పోతే తెలుస్తుంది.

దీనికి రివర్స్ కూడా అయింది. 2021లో కోవిడ్ వచ్చినప్పుడు నాకు వాసన పోయింది. కొత్తావకాయ జాడీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా, ఏమీ లేదు. నోట్లో పెట్టుకుంటే ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, కారానికి నాలిక మండుతోంది. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట “చప్పగా ఉంది”. మా ఆయన నన్ను వింతగా చూశారు, ఆవకాయ చప్పగా ఉండడమేమిటని. ఆవఘాటు లేదు, మామిడికాయ వాసన లేదు, నూనె వాసన లేదు. ఇంకేం మాట వాడతాను మీరే చెప్పండి? కాబట్టి చప్ప అంటే ఉప్పు లేకపోవడమే అంటే నేను ఒప్పుకోను.

వంటింటి గోల

అత్తా, ఆవకాయ చప్పగా ఉందన్న మాట మా అమ్మకి చదివి వినిపించా. “పాపం” అంది, అంతకంటే ఏమీ అనలేదు.

చార్మినార్ చాయ్

మా హైదరాబాదులో ఫీకా అని ఇంకో మాట నడుస్తుంది. ఫీకీ చాయ్ అంటే చక్కెర లేని చాయ్. ఇది ఉర్దూది. తేడా చూడండి, అక్కడ మొదట గుర్తొచ్చేది తీపి లేకపోవడం, మనకి మొదట గుర్తొచ్చేది ఉప్పు లేకపోవడం. అయితే మనవాళ్ళు పంచదార తక్కువైన కాఫీని కూడా చప్పగా ఉందనే అంటారు, మా ఆఫీసులో రోజుకి రెండుసార్లు వింటాను. చప్పన ఒక్క మాటే అన్నిటికీ సరిపోతుంది, మాట మాత్రం చప్పగా లేదు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు

ఇంతమంది మాట్లాడుతుంటే ఊరుకోలేకపోతున్నాను. రుచి లేకపోవడానికి మనం వాడే సంస్కృతపు మాటలకి ఇక్కడికొచ్చాక ఏం జరిగిందో చూస్తే భలే ఉంటుంది.

నీరసం తీసుకోండి. చాలామంది పిల్లలు దాన్లో నీరు ఉందనుకుంటారు, నా దగ్గర పరీక్షలో రాసినవాడు కూడా ఉన్నాడు. నీరు కాదు, నిర్ అనే ఉపసర్గ రసానికి ముందు చేరి దీర్ఘమైంది. రసం లేనిది నీరసం. అంటే అసలు అర్థంలో అది చప్పనే. తెలుగులో అది కూర మీంచి మనిషి మీదికి వచ్చేసింది. ఇవాళ “కూర నీరసంగా ఉంది” అంటే కూరకి గ్లూకోజు ఎక్కించాలేమో అనుకుంటారు.

పేలవం ఇంకా విచిత్రం. మ్యాచ్ పేలవంగా సాగింది, ప్రసంగం పేలవంగా ఉంది అని పేపర్లో రోజూ చదువుతాం. సంస్కృతంలో పేలవ అంటే సుకుమారమైనది, సున్నితమైనది. కుమారసంభవం ఐదో సర్గలో పార్వతి తపస్సుకి వెళ్తానంటే తల్లి మేన వద్దంటూ, దిరిసెన పువ్వు తుమ్మెద కాలు మోపితే ఓర్చుకుంటుంది గానీ పక్షి వాలితే ఓర్చుకోదంటుంది. ఆ పోలికలో కాళిదాసు వాడిన మాట పేలవమే. అక్కడ అంత నాజూకుగా ఉన్న మాట మన దగ్గర ఓడిపోయిన క్రికెట్ జట్టుకి వచ్చి పడింది.

వీటితో పోలిస్తే చప్ప చాలా గట్టిది. ఎక్కడ మొదలైందో అక్కడే, నాలిక మీదే ఉంది. సభ చప్పగా సాగిందన్నా, ఉత్సాహం చప్పబడిందన్నా వినేవాడికి ముందు ఉప్పు లేని కూరే గుర్తొస్తుంది.

చార్మినార్ చాయ్

మాస్టారూ, రసం అంటే గుర్తొచ్చింది, 1943లో అరసం, 1970లో విరసం పుట్టాయి కదా. రచయితలే పెట్టుకున్న పేర్లలో రసం లేకపోవడం ఏమిటి?

రిటైర్డ్ తెలుగు మాస్టారు

అది పాత హాస్యమే నాయనా. అభ్యుదయ రచయితల సంఘం, విప్లవ రచయితల సంఘం, వాటికి పొట్టి పేర్లు. ఆ పేర్ల మీద జోకులు వాళ్ళు చాలానే విని ఉంటారు. ఇక్కడ రాజకీయాలు మొదలుపెడితే మోడరేటరు గారు తాళం వేస్తారు, వదిలెయ్.

శ్రీకాకుళం చిన్నది

ఒక సందేహం. ఉప్పుడు బియ్యంలో ఉప్పు ఉంటుందా? నవ్వకండి, మా హాస్టల్లో ఒకమ్మాయి నిజంగానే అడిగింది.

బెజవాడ బాబాయ్

ఉండదమ్మా. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి దంచితే ఉప్పుడు బియ్యం. ఉప్పు గింజంత కూడా పడదు.

ఇలాంటిదే ఇంకోటి, మా నాయనమ్మ ఉప్పిడి ఉపవాసం అనేది. పేరులో ఉప్పుంది, పళ్ళెంలో ఉండదు. కొన్ని ఆదివారాలు సూర్యుడికని ఉప్పు ముట్టేది కాదు. ఆ రోజు ఆవిడ తినేది పాలూ అన్నమూ, లేదంటే పెసరపప్పు ఉడకబెట్టి నెయ్యి వేసుకుని. వేలితో పప్పు కొంచెం తీసి నాకు పెడితే నేను మొహం మాడ్చేవాణ్ణి. “మొదటి ముద్దే కష్టం రా, నాలుగో ముద్దకి పెసరపప్పు తీపి తెలుస్తుంది” అనేది. నేను నాలుగో ముద్ద దాకా ఎప్పుడూ ఉండలేదు, నాకు నిజమో కాదో తెలీదు.

నర్సమ్మ కూతురు

ఆవిడ మాటలో విషయం ఉంది బాబాయ్ గారూ. నాలుగు ముద్దల్లో కాదు గానీ, ఉప్పు తగ్గించి కొన్ని వారాలు గడిస్తే నాలిక అలవాటు పడుతుంది. అంతకుముందు బాగుందన్న కూరే అప్పుడు ఉప్పు కషాయంలా అనిపిస్తుంది. మా వార్డులో పేషెంట్లు చాలామంది అలా చెప్పారు. మొదటి పదిహేను రోజులే యుద్ధం. నిమ్మకాయ, మిరియాలు, వేయించిన జీలకర్ర పొడి, వెల్లుల్లి తాలింపు, ఇవి వాడితే లోటు కొంత పూడుతుంది. వంటింటి గోల గారూ, అమ్మగారికి ఇంకోటి చెప్పండి, డాక్టరు తగ్గించమంటే తగ్గించాలి, ఎవరికివారు మొత్తం మానిపించకూడదు. ఎంత వెయ్యాలో ఆయన్నే అడిగి చెంచాతో కొలుచుకోమనండి.

హిందూపురం వాడు

ఉప్పు గురించి ఇంత మాట్లాడి సామెత చెప్పకపోతే ఎలా. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు.

చెన్నపట్నం తెలుగు

వేమన కూడా ఉప్పులేని కూర ఒప్పదు రుచులకు అన్నాడు గానీ చప్పన అనలేదు. ఉప్పు, ఒప్పు, పప్పు, అప్పు అన్నీ ప్రాసలో కూర్చోబెట్టి చప్పని మాత్రం వదిలేశాడు. పద్యంలో చప్ప పడితే ఇంకా బాగుండేది, నా బాధ నాది.

శ్రీకాకుళం చిన్నది

చప్పట్లు కూడా ఇదేనా? ఛప్పన్నారు దేశాలు?

పదాలపిచ్చి

ఛప్పన్న అంటే 56, ప్రాకృతం నుంచి వచ్చింది, హిందీలో ఛప్పన్ ఇప్పటికీ అంతే. దానికి కూరతో సంబంధం లేదు. చప్పట్లు అరచేతుల చప్పుడు, దాన్నీ వదిలెయ్యండి. చప్ప అని వినిపించిన ప్రతిదాన్నీ ఈ గిన్నెలో వేస్తే చివరికి చప్పరం, చప్పుడు, చెప్పులు కూడా వచ్చి పడతాయి.

బెజవాడ బాబాయ్

చెప్పులు వద్దు, చర్చ మర్యాదగానే నడుస్తోంది.

వంటింటి గోల

అందరికీ థాంక్స్. ఈ చర్చ మొత్తం ఫోన్లో పెద్ద అక్షరాలు పెట్టి నాన్నకి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని గంటసేపు చదివి, “నీ అమ్మ నెగ్గింది” అన్నారు. సంగటి మాట, డల్లాస్ అత్త ఆవకాయ మాట రెండుసార్లు చదివారు. గోదారి గట్టు గారూ, మా తాతగారిది కూడా చప్పిడి ముక్కేనట, మీకు చెప్పమన్నారు.

నర్సమ్మ కూతురు గారు చెప్పినట్టు డాక్టరుగారికి ఫోన్ చేశాం. కూరలో కొంచెం వెయ్యొచ్చు, ఊరగాయలూ అప్పడాలూ మానండి అన్నారు. చిన్న చెంచా ఒకటి ఉప్పు డబ్బాలోనే పడేసి, రోజంతటికీ ఇంతే అని అమ్మకి చూపించాను. ఇవాళ మధ్యాహ్నం దొండకాయ వేపుడు, నిమ్మకాయ పప్పు. నాన్న మొదటి ముద్ద తిని, ఏమీ అనకుండా, చాలా మర్యాదగా, “ఏమోయ్, ఇది చప్పనా, చప్పిడా?” అని అడిగారు.

అమ్మ వచ్చి పప్పు కొంచెం చేతిలో వేసుకుని నాకి చూసింది. ఉప్పు డబ్బా మూత తీసి చూస్తే పొద్దున నేను నింపి పెట్టిన చెంచా నింపినట్టే ఉంది.

“చప్పనే” అని లోపలికి వెళ్ళిపోయింది.